కెనడా రాష్ట్రాల ఫ్రెంచ్ పేర్లు: ఏది పుంలింగం, ఏది స్త్రీలింగం

నల్లగొండ, పాలమూరు నుంచి టెఫ్ కెనడా (కెనడా వెళ్లేందుకు రాసే ఫ్రెంచ్ పరీక్ష) రాసేవాళ్లు రాష్ట్రం పేరును ఉత్తగా బట్టీ పట్టొద్దు, ఆర్టికల్‌తో (పేరు ముందు వచ్చే లె, లా) కలిపి నేర్వాలి. లె కెబెక్, లె మనితోబా, లె నువో-బ్రన్స్‌విక్ పుంలింగం. 'లో' అనడానికి వీటి ముందు 'ఓ' పెట్టాలి. లా సస్కాచెవాన్, లా కొలొంబీ-బ్రితానిక్ (బ్రిటిష్ కొలంబియా), లా నూవెల్-ఎకోస్ (నోవా స్కోషియా) స్త్రీలింగం, వీటికి 'ఆఁ'.

చివర 'ఆ' వినబడగానే స్త్రీలింగం అనుకోవద్దు. అల్బెర్తా స్త్రీలింగమే, మనితోబా మాత్రం కాదు. అసలు చిక్కు ఒంతారియోతో: అది పుంలింగమే, కానీ అచ్చుతో మొదలవుతుంది కాబట్టి 'ఆఁ' తీసుకుంటుంది. అల్బెర్తాకు, ఒంతారియోకు ఆర్టికల్ కూడా కురచైపోయి లింగం కనబడదు. అందుకే నోట్‌బుక్కులో ఈ రెండింటి పక్కన 'పుం', 'స్త్రీ' అని రాసిపెట్టుకోండి. విశేషణం తగిలించేటప్పుడు అక్కరకొస్తుంది.

'ఓ కెబెక్' అంటే రాష్ట్రంలో, 'ఆ కెబెక్' అంటే నగరంలో. టెర్-నవ్-ఎ-లాబ్రదోర్‌కు (న్యూఫౌండ్‌ల్యాండ్ అండ్ లాబ్రడార్) ఆర్టికలే లేదు, 'ఆ' చాలు.