పవర్‌పాయింట్ నేర్చుకుందాం – 4: పైకెక్కే అంకెలు, కిందికి దిగే అంకెలు

పోయిన పాఠంలో టెక్స్ట్ బాక్స్ పెట్టి, అక్షరాల సైజు మార్చడం చూశాం. ఈసారి సైన్సు స్లయిడ్లకు తప్పనిసరైన పని.

మన విశాఖ ఉక్కు కర్మాగారం మీద ప్రాజెక్టు చేస్తున్నారనుకోండి. బైలదిల్లా నుంచి కొత్తవలస–కిరండూల్ లైను మీదుగా వచ్చే ఇనుప ఖనిజంలో ఎక్కువ భాగం హెమటైట్, అంటే ఐరన్ ఆక్సైడ్. బ్లాస్ట్ ఫర్నేస్‌లో కార్బన్ మోనాక్సైడ్ అందులోని ఆక్సిజన్‌ను లాక్కుని కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఈ సమీకరణం చివర 3, సి, ఓ, 2 అని వస్తుంది. ముందున్న 3 ఎన్ని అణువులో చెబుతుంది, అది మామూలు సైజులోనే ఉండాలి. చివరి 2 ఒక్కో అణువులో ఎన్ని ఆక్సిజన్ పరమాణువులో చెబుతుంది, అది కిందికి దిగాలి. రెండూ ఒకే వరసలో ఉంటే అది తప్పు సమీకరణమే.

చివరి 2ను మాత్రమే సెలెక్ట్ చేసి, కంట్రోల్ పట్టుకుని = కీ నొక్కండి. అంకె కిందికి దిగుతుంది. ఇది సబ్‌స్క్రిప్ట్. కంట్రోల్‌తో పాటు షిఫ్ట్ కూడా పట్టుకుని = నొక్కితే పైకెక్కుతుంది. ఇది సూపర్‌స్క్రిప్ట్, చదరపు కిలోమీటర్లకు, అయాన్ల ఛార్జికి కావాలి. అదే కీలు మళ్లీ నొక్కితే అంకె మామూలు స్థితికి వస్తుంది. గూగుల్ స్లయిడ్స్‌లో కంట్రోల్‌తో కామా నొక్కితే కిందికి, ఫుల్‌స్టాప్ నొక్కితే పైకి.

కొందరు ఇంకో బాక్స్‌లో చిన్న అంకె రాసి పక్కన అతికిస్తారు. దయచేసి అలా చేయకండి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే అంకె ఎక్కడికో జరిగిపోతుంది, సరిగ్గా సెమినార్ రోజునే టెన్షన్.

అంకె మరీ కిందికి దిగినట్టుంటే కంట్రోల్, టి నొక్కి ఫాంట్ బాక్స్ తెరవండి. అక్కడ ఆఫ్‌సెట్ శాతం ఉంటుంది, అంటే అంకె ఎంత పైకి లేదా కిందికి జరగాలో చెప్పేది. సబ్‌స్క్రిప్ట్‌కు మామూలుగా –25, సూపర్‌స్క్రిప్ట్‌కు 30. వెనక బెంచీకి కనబడాలంటే మాత్రం ఆఫ్‌సెట్ కాదు, మొత్తం వాక్యం సైజే పెంచాలి.

విశాఖ అక్షాంశం దాదాపు 17.7°. ఆ డిగ్రీ గుర్తు సున్నాను పైకెక్కించి చేసేది కాదు, అలా చేస్తే 17.7 మీద సున్నా ఘాతం అయిపోతుంది. విండోస్‌లో ఆల్ట్ పట్టుకుని, కీబోర్డు కుడివైపు అంకెలతో 0176 కొట్టండి.

అభ్యాసం: సముద్రపు నీటిలోని సోడియం, క్లోరైడ్, సల్ఫేట్ అయాన్లను ఒక స్లయిడ్ మీద రాయండి. సల్ఫేట్‌లో కింది 4, పై ఛార్జి ఒకదాని మీద ఒకటి కాక పక్కపక్కన పడతాయి. ప్రస్తుతానికి అలాగే ఉంచండి, వచ్చే పాఠంలో ఈక్వేషన్ టూల్‌తో సరిచేద్దాం.