కుక్క కుంటుతోందా? ముందు వేళ్ళ సందుల్లో చూడండి

మా కర్రోడు ఊరి కుక్క. నల్లగా ఉంటాడని ఆ పేరు. ఒకసారి ముందు కుడికాలు కుంటడం మొదలుపెట్టాడు. అరికాలు తిప్పి చూస్తే చిన్న గీత తప్ప ఏమీ కనిపించలేదు. అమ్మ పసుపులో కొబ్బరినూనె కలిపి రాసింది, వాడు నాకేశాడు. మళ్ళీ రాసింది, మళ్ళీ నాకేశాడు. నాలుగో రోజుకి పాదం బన్నులా ఉబ్బింది. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడి కాంపౌండర్ పాదం చేతిలోకి తీసుకుని, రెండు బొటనవేళ్ళతో వేళ్ళు విడదీసి, టార్చి వేశాడు. "అరికాలు చూశారు గానీ సందులు చూళ్ళేదండీ మీరు" అంటూ అర అంగుళం సర్కారు తుమ్మ ముల్లు బయటికి లాగాడు. వెనకే చీము వచ్చింది.

మేం మందు తక్కువ వేసి కాదు, చూడటం తక్కువై చెడింది. అందుకే ఏ లక్షణమైనా సరే, డబ్బా మూత తీసే ముందు పాదం మొత్తం చూడండి.

చూడటానికీ ఒక పద్ధతి ఉంది. కుక్క తిని, కాస్త మత్తుగా పడుకున్నప్పుడు మొదలుపెట్టండి. ఇంట్లో ఒకరు తల దగ్గర కూర్చుని చెవుల వెనక గోకుతూ ఉండాలి, ఇంకొకరు ఫోన్ టార్చితో చూడాలి. ముందు బాగున్న కాలు, తర్వాత నొప్పి కాలు. అరికాలి మెత్తల్ని ప్యాడ్లు అంటారు, ఒక్కో ప్యాడ్‌నీ మెల్లగా నొక్కండి, ఒక్కో గోరూ కదిపి చూడండి, వేళ్ళ మధ్య వెంట్రుకలు పక్కకి తీయండి. వాసన కూడా చూడండి, సిగ్గేం లేదు. నొప్పిలో ఉన్న కుక్క పెంచినవాళ్ళనైనా కరుస్తుంది. అనుమానంగా ఉంటే మెత్తటి పాత చున్నీతో మూతి చుట్టూ రెండు చుట్లు వేసి చెవుల వెనక ముడి వేయండి. వాంతులు అవుతున్నా, రొప్పుతున్నా మూతి కట్టొద్దు. పన్ను దిగితే పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, మీరు ఆసుపత్రికి వెళ్ళాలి. వీధి కుక్కకి సాయం చేసేవాళ్ళు ఇది అస్సలు మర్చిపోవద్దు.

ఏ కాలో తెలియకపోతే నడిపించి తల చూడండి. ముందుకాలు నొప్పైతే ఆ కాలు నేలకి తగిలినప్పుడు తల పైకి లేస్తుంది, మంచి కాలు వేసినప్పుడు కిందికి దిగుతుంది.

ఉన్నట్టుండి కాలు ఎత్తేసి, మూడు కాళ్ళ మీద నిలబడింది

బాగా పరుగెత్తే కుక్క ఒక్కసారిగా ఇలా చేసిందంటే చాలాసార్లు ఏదో గుచ్చుకున్నట్టే. మన దగ్గర మొదటి అనుమానం సర్కారు తుమ్మ, రెండోది పల్లేరు కాయ. ఖాళీ స్థలాల్లో గాజు పెంకులు, ఇళ్ళు కట్టే చోట మేకులు, బైండింగ్ వైరు ముక్కలు. చేలగట్ల మీద తిరిగే కుక్కకైతే మన పంచెలకి అంటుకునే ఉత్తరేణి గింజల్లాంటివి వేళ్ళ మధ్య వెంట్రుకల్లో చిక్కుకుని రాపిడి పెడతాయి. కొన్ని గడ్డి ములుకులు చర్మంలోకే దిగి లోపలికి నడుస్తాయి.

బయటికి కనిపించే ముల్లుని ప్లక్కర్‌తో చర్మానికి దగ్గరగా పట్టుకుని, గుచ్చుకున్న దారిలోనే తిన్నగా లాగండి. తర్వాత గోరువెచ్చని నీళ్ళతో కడిగి, బెటడిన్‌ని పల్చటి టీ రంగు వచ్చేదాకా నీళ్ళలో కలిపి దాంతో తుడవండి. కనిపించని ముల్లు కోసం సూది పెట్టి కెలకొద్దు, మన కాలిలో ముల్లు తీసినట్టు కుక్క ఓపిగ్గా కూర్చోదు. లోతుగా దిగిన మేకునీ గాజునీ కూడా ఇంట్లో పీకొద్దు. లోపల రక్తనాళం తెగి ఉంటే అదే దానికి అడ్డుగా ఉంటుంది. ముల్లు తీసిన రెండు రోజులకి కూడా కుంటుతూ, వాపు పెరుగుతుంటే లోపల ముక్క మిగిలిందని అనుకోవాలి.

కాలు గంటా రెండు గంటల్లోనే బాగా ఉబ్బి, కుక్క నీరసంగా పడిపోతే అది ముల్లు పని కాదు. పాము గానీ తేలు గానీ కుట్టి ఉండొచ్చు. తాడు కట్టొద్దు, కోయొద్దు, నడిపించొద్దు. ఎత్తుకుని బండెక్కించండి.

తెగింది, రక్తం ఆగట్లేదు

ప్యాడ్‌లో రక్తనాళాలు ఎక్కువ, అందుకే చిన్న గాటుకే గచ్చంతా రక్తమవుతుంది. చూసి కంగారు పడతాం గానీ చాలావరకు ఒత్తి పట్టుకుంటే ఆగేదే. శుభ్రమైన కాటన్ గుడ్డ మడిచి పెట్టి గట్టిగా పది నిమిషాలు ఒత్తి పట్టుకోండి. ఆగిందా లేదా అని నిమిషానికోసారి ఎత్తి చూస్తే అప్పుడే గడ్డకట్టిన రక్తం ఊడిపోతుంది. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకోటి వేయండి. పదిహేను నిమిషాలకీ ఆగకపోయినా, ప్యాడ్ తలుపు రేకులా తెరుచుకున్నా కుట్లు పడాల్సిందే, ఆ రోజే వెళ్ళాలి. ఆలస్యమైన కొద్దీ కుట్టడం కష్టమవుతుంది.

రక్తం ఆగాక కడిగి కట్టు కట్టండి. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతా. ముందు వేళ్ళ మధ్య పల్చగా దూది పెట్టాలి, లేకపోతే చెమటకి సందులు ఒరుసుకుంటాయి. కుక్కకి అరికాళ్ళలో చెమట పడుతుంది మరి. గాయం మీద అంటుకోని డ్రెస్సింగ్, దాని మీద దూది పొర, ఆపైన బ్యాండేజ్. కింద నుంచి పైకి చుట్టుకుంటూ రండి. మధ్య రెండు వేళ్ళ గోళ్ళు మాత్రం బయటికి కనిపించేలా వదలండి. ఆ రెండు గోళ్ళే మీకు మీటర్: పక్కపక్కనే ఉంటే కట్టు సరిగ్గా ఉంది, ఒకదానికొకటి దూరం జరిగాయంటే వేళ్ళు వాస్తున్నాయి, కట్టు బిగుతైంది, వెంటనే విప్పండి. రబ్బరు బ్యాండ్ వేయడం మాత్రం వద్దే వద్దు. వెంట్రుకల్లో కలిసిపోయి కనపడకుండానే చర్మాన్ని కోసేస్తుంది.

కట్టు రోజూ మార్చాలి, తడిస్తే ఆ క్షణమే మార్చాలి. బయటికి తీసుకెళ్ళేటప్పుడు పాల ప్యాకెట్ కవరు కడిగి తొడగండి, ఇంటికి రాగానే తీసేయండి. రాత్రంతా కవరులో ఉంచితే లోపల ఉడికిపోయి గాయం తెల్లగా నానుతుంది. కట్టు నుంచి కుళ్ళు వాసన వస్తే డాక్టర్ దగ్గరికే.

ఇక నాకుడు. కుక్క నాలుక మందని పెద్దవాళ్ళు అంటారు గానీ నేను ఒప్పుకోను. ఆ తడికీ గరుకుకీ మానే గాయం కూడా పుండవుతుంది. మెడకి గరాటా లాంటి కోన్ వేయండి. మొదటి రోజు గోడలకీ తలుపులకీ గుద్దుకుంటూ మనవైపు జాలిగా చూస్తుంది. కరిగిపోయి తీసేశారో, పది రోజుల్లో మానాల్సింది నెల పడుతుంది.

పూయకూడనివి: డెటాల్ నీళ్ళు కలపకుండా, స్పిరిట్, కిరోసిన్, బండి వేస్ట్ ఆయిల్, కాఫీ పొడి. మంట ఒక సంగతైతే, పూసిందంతా కడుపులోకి పోవడం ఇంకో సంగతి. పసుపు మీద నాకు కోపం లేదు, కానీ లోపల ముల్లు, మట్టి ఉండగా పైన పసుపు మెత్తితే అది మూత పెట్టడమే అవుతుంది. మన నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, సగం ముక్క కూడా వేయొద్దు. కడుపులో పుళ్ళు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

ఎండలో తిరిగొచ్చి నడవనంటోంది, ప్యాడ్ పొర ఊడింది

రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతాయంటాం, తారు రోడ్డు మీద కుక్క పాదం ఒక లెక్కా? గాలిలో 40 డిగ్రీలు ఉంటే నల్ల తారు 60 దాటుతుంది. చెప్పులు విప్పి మీరే నిలబడి చూడండి, లేదా చేతి వెనక వైపు రోడ్డుకి ఆనించి ఏడు సెకన్లు లెక్కపెట్టండి. మీరు ఆగలేకపోతే అదీ ఆగలేదు. వేసవిలో సూర్యుడు పొడవక ముందు ఒకసారి, రాత్రి భోజనాలయ్యాక ఒకసారి, అంతే. సాయంత్రం ఐదింటికి గాలి చల్లబడినా రోడ్డు చల్లబడదు. మేడ మీద కట్టేసే కుక్కల బాధా ఇదే.

కాలితే పది పదిహేను నిమిషాలు మామూలు చల్లటి నీళ్ళు పోయండి. ఐసు వద్దు, టూత్‌పేస్టు వద్దు. బొబ్బలు చిదమొద్దు. గచ్చు మీద తడిగుడ్డ పరిచి పడుకోబెట్టండి. ఊడిన పొర కింద ఎర్రటి మాంసం కనిపిస్తే కట్టు, డాక్టర్ రెండూ కావాలి. కొత్తగా వేసిన తారు అంటుకుంటే వంటనూనె రాసి మెత్తబరిచి తుడవండి, పెట్రోలు, కిరోసిన్ జోలికి పోవద్దు.

అస్తమానం పాదాలు నాకుతోంది, వేళ్ళ మధ్య ఎర్రగా ఉంది

తెల్ల కుక్కకైతే ఇంకా సులువుగా తెలుస్తుంది, ఉమ్మి తడికి వెంట్రుకలు తుప్పు రంగులోకి మారతాయి. ఒక్క పాదమే నాకుతుంటే అక్కడేదో ఉంది, మళ్ళీ సందులు చూడండి. నాలుగూ నాకుతుంటే అలర్జీ, తడి, ఫంగస్. వానాకాలంలో బురదలో తిరిగొచ్చాక తుడవకపోతే వచ్చేది ఎక్కువగా ఇదే. పుల్లటి, ముక్కిన వాసన వస్తే ఫంగస్ అనుమానించాలి.

బయటి నుంచి రాగానే మామూలు నీళ్ళతో కాళ్ళు కడిగి, పాత టవల్‌తో ఒక్కో సందూ పొడిగా తుడవండి. కడగడం అందరూ చేస్తారు, తుడవడం ఎవరూ చేయరు. పొడవాటి వెంట్రుకల కుక్కకి ప్యాడ్ల మధ్య జుట్టు కత్తిరించండి. ఇలా వారం చేసినా తగ్గకపోతే డాక్టర్ చర్మం గీరి పరీక్ష చేస్తారు. మన గజ్జి ఆయింట్‌మెంట్లు వాడొద్దు, వాటిలో చాలావాటికి స్టెరాయిడ్ కలిపి ఉంటుంది.

పిడుదులు కూడా ఈ సందుల్లోనే దాక్కుంటాయి, కొన్ని ఊళ్ళలో గోమార్లంటారు. ప్లక్కర్‌తో తల దగ్గర పట్టి తిన్నగా లాగి, సబ్బు నీళ్ళలో వేయండి. వేళ్ళతో నలపొద్దు, అగ్గిపుల్లతో కాల్చొద్దు.

వేళ్ళ మధ్య ఎర్రటి గడ్డ, పగిలి మళ్ళీ వస్తోంది

లాబ్రడార్, బుల్‌డాగ్ లాంటి పొట్టి వెంట్రుకల జాతుల్లో, అందులోనూ లావెక్కినవాటిలో ఎక్కువ. వెంట్రుక లోపలికి తిరిగి పెరగడంతో మొదలై ఇన్ఫెక్షన్ అవుతుంది. పిండొద్దు. గోరువెచ్చని ఉప్పు నీళ్ళలో రోజుకి రెండుసార్లు పది నిమిషాలు పాదం ముంచి, పొడిగా తుడవండి. ఆ నీళ్ళు తాగనివ్వొద్దు. మాటిమాటికీ వస్తుంటే వారాల తరబడి మందు వాడాల్సి రావచ్చు. కాస్త తగ్గగానే ఆపేస్తే మొదటికొస్తుంది.

గోరు విరిగింది, లేదా లోపలికి తిరిగింది

గోరు కత్తిరిస్తూ రక్తం తెప్పించామా, మొక్కజొన్న పిండో పటిక పొడో అద్ది ఐదు నిమిషాలు ఒత్తండి. నల్ల గోళ్ళలో రక్తనాళం కనపడదు కాబట్టి కొద్దికొద్దిగా కోస్తూ, కోసిన చోట మధ్యలో ముదురు చుక్క కనిపించగానే ఆపేయాలి. పైన లోపలివైపు ఉండే బొటనగోరు నేలకి తగలదు, అరగదు. ముసలి కుక్కల్లో గుండ్రంగా తిరిగి చర్మంలోకే దిగుతుంది. సగం ఊడి వేలాడే గోరుని డాక్టరే తీయాలి.

పుండులో పురుగులు

ఈగ వాలి గుడ్లు పెడితే ఒకటి రెండు రోజుల్లోనే పురుగులు పడతాయి. కుళ్ళు వాసన, గాయం మధ్యలో కదలిక. ఇంట్లో ఒక్కొక్కటీ ఏరుతూ కూర్చుంటే పైవి పోతాయి, లోపలివి తింటూనే ఉంటాయి. అదే రోజు ఆసుపత్రికి. అక్కడ శుభ్రం చేశాక, మానేదాకా కుక్కని ఈగలు లేని చోట ఉంచడం మీ పని.

ప్యాడ్లు గట్టిపడి పగిలాయి

వయసుకి, గచ్చు రాపిడికి వచ్చే పగుళ్ళైతే రాత్రిపూట కొంచెం కొబ్బరినూనె చాలు. టీకాలు వేయని కుక్కకి ప్యాడ్లు గట్టిపడటంతో పాటు జ్వరం, కళ్ళూ ముక్కూ కారడం కూడా ఉంటే అది డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు కావచ్చు, నూనెతో పోయేది కాదు.

పాదంలో ఏమీ లేదు, అయినా కుంటుతోంది

అప్పుడు పైకి వెళ్ళాలి: మోకాలు, భుజం, తుంటి. ఈ రోజు ఒక కాలు, రేపు ఇంకో కాలు కుంటుతూ, తిండి తగ్గి, ఒళ్ళు వేడిగా ఉంటే పిడుదుల వల్ల వచ్చే జ్వరం అయ్యుండొచ్చు, రక్త పరీక్ష చేయించాలి.

వెళ్ళే ముందు ఇంట్లో అది నడిచేటప్పుడు ఎదురు నుంచి, పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీసుకోండి. ఆసుపత్రి వాసన తగిలితే చాలు, టెన్షన్‌కి నొప్పి మర్చిపోయి శుభ్రంగా నడిచేస్తాయి. ముల్లు తీయించాక రెండోసారి చూపించడానికి తీసుకెళ్తే మా కర్రోడు గేటు దాకా కుంటి, లోపల బల్ల చూడగానే నాలుగు కాళ్ళ మీద రోడ్డెక్కాడు.