ఇంటి దగ్గరే పది, ఇంటర్: పాఠాలకంటే ముందు కాగితాలు

ఇంట్లో చదువుకునే పిల్లలు పదిలోనో ఇంటర్లోనో ఆగిపోవడానికి కారణం లెక్కలు రాకపోవడం కాదు. ఆధార్‌లో పేరు ఒకలా, అప్లికేషన్‌లో ఇంకోలా ఉంటుంది. ప్రాక్టికల్స్ తేదీ ఎవరూ చూసుకోరు. అక్కడ పోతుంది ఏడాది. నెల్లూరు, ఒంగోలు వైపు ఇంటర్ హాస్టల్ చదువు వద్దనుకునే ఇళ్లు ముందు ఈ సంగతులు సర్దుకోవాలి.

ఆరు నుంచి పద్నాలుగేళ్ల దాకా విద్యాహక్కు చట్టం వర్తిస్తుంది. బడి మానేసిన పిల్లల లెక్కకు వచ్చే టీచర్లకు ఏం చెప్పాలో అని తడుముకోవడం ఎందుకు? ఎనిమిది పూర్తిచేయించి, టీసీ చేతికి తీసుకుని మాన్పించడం నయం. పదికి చేరడానికి జాతీయ ఓపెన్ స్కూల్ (ఎన్ఐఓఎస్) గానీ, రాష్ట్ర ఓపెన్ స్కూల్ గానీ అడిగే కనీస వయసు కూడా పద్నాలుగే. ఇంటర్‌కు పదిహేను.

పేరు సంగతి. పది మెమో మీద ఉన్న పేరు, పుట్టిన తేదీయే తర్వాత పాస్‌పోర్టు దాకా నడుస్తాయి. మన దగ్గర బర్త్ సర్టిఫికెట్‌లో ఒట్టి పేరు, బడి రిజిస్టర్‌లో ముందు ఇంటిపేరు, ఆధార్‌లో పొడి అక్షరం. మూడూ ఒకేలా అయ్యాకే అప్లికేషన్ తెరవండి. మెమో అచ్చయ్యాక దిద్దించుకోవడం నెలల పని.

రెండు బోర్డుల్లో ఏది? తెలుగు మీడియంలో పదీ ఇంటరూ రెండూ చదవాలంటే రాష్ట్ర ఓపెన్ స్కూల్ సులువు. చాలా చోట్ల స్టడీ సెంటర్ ప్రభుత్వ హైస్కూల్లోనే ఉంటుంది, అడగడానికి మనిషి దొరుకుతాడు. పరీక్షలు విడతలుగా రాయాలనుకుంటే, వేరే రాష్ట్రానికి వెళ్లే ఆలోచన ఉంటే ఎన్ఐఓఎస్. అందులో ఒకసారి చేరితే ఐదేళ్లు, తొమ్మిది పరీక్షల అవకాశం. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్–మే, అక్టోబరు–నవంబరుల్లో. ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి, వాటిలో ఒక్క భాషైనా ఉండాలి. పాస్ మార్కు 33 శాతం. ప్రాక్టికల్ ఉన్న సబ్జెక్టులో థియరీకి, ప్రాక్టికల్‌కు విడివిడిగా 33 రావాలి. థియరీలో 70 తెచ్చుకుని ప్రాక్టికల్‌కు వెళ్లనివాడు ఆ సబ్జెక్టు తప్పినట్టే.

చాలామంది చూసుకోనిది ఇంకొకటుంది. పది పాసైన మరుసటేడే ఇంటర్ ఐదు సబ్జెక్టులూ ఎన్ఐఓఎస్ రాయనివ్వదు. ఏడాది తర్వాత నాలుగు, రెండేళ్లు నిండాకే ఐదోది. కాబట్టి పదిలో మిగుల్చుకున్న ఏడాది ఇంటర్లో కలిసిరాదు. కష్టమైన నాలుగూ ముందు రాసి, ఐదోదాన్ని ఆఖరి విడతకు ఉంచుకోవడం తెలివైన పని.

సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడే తర్వాతి పరీక్ష చూడండి. జేఈఈకి ఎన్ఐఓఎస్ పిల్లలు కనీసం ఐదు సబ్జెక్టులతో పాసవ్వాలి. ఎన్ఐటీలో సీటుకు ఇంటర్లో 75 శాతం, లేదా బోర్డులో పై 20 పర్సంటైల్‌లో ఉండాలి. 33తో పాసైతే చాలనుకుని కూర్చునేవాళ్లకు ఇది చేదు మాటే. నీట్ రాసేవాళ్లకు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీల ప్రాక్టికల్ మార్కులు మెమోలో కనబడాలి.

లోకల్ హోదా ఇంకా పెద్ద చిక్కు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం రాష్ట్రంలోని కాలేజీల్లో 85 శాతం సీట్లు లోకల్ ఏరియా పిల్లలకే. నెల్లూరు శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ (ఎస్వీయూ) ఏరియా, ఒంగోలు ఉన్న ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ) ఏరియా. బడిలో చదివినవాళ్లు నాలుగేళ్ల స్టడీ సర్టిఫికెట్లు ఇస్తారు. మీకు ఇచ్చే బడి లేదు. బడికి వెళ్లని ఏళ్లకు అదే ఏరియాలో నివాసం ఉన్నట్టు తహసీల్దారు సర్టిఫికెట్ కావాలి. కావలి నుంచి ఒంగోలుకు ఇల్లు మారితే ఏరియానే మారిపోతుంది. రేషన్ కార్డు, కరెంటు బిల్లులు ఏడాదికొక ఫైలుగా దాచండి. కౌన్సెలింగ్ వారంలో సచివాలయం చుట్టూ తిరిగితే కుదిరే పని కాదు.

ఇక చదువు. రోజుకు నాలుగైదు గంటలు చాలు, ఐదారు పీరియడ్ల నకలు ఇంట్లో అక్కర్లేదు. వేసవిలో పొద్దున ఐదున్నర నుంచి తొమ్మిది దాకా లెక్కలు, సైన్సు ముగించండి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఎవరి బుర్రా పనిచేయదు. ఇంటి పిల్లలకు తగ్గేది అర్థం కావడం కాదు, రాయడం. వీడియో చూసి అన్నీ తెలుసంటారు, మూడు గంటల పేపరులో రెండో గంటకే చెయ్యి లాగుతుంది. పరీక్షకు నాలుగు నెలల ముందునుంచీ ప్రతి ఆదివారం పాత పేపరు ఒకటి, మూడు గంటలు, లేవకుండా. ఫోన్ పక్క గదిలో. దిద్దేది తల్లిదండ్రులు కాకపోతే మంచిది; పక్కవీధి టీచరమ్మను అడగండి. ఎన్ఐఓఎస్ ఇచ్చే టీఎంఏలు (ఇంట్లో రాసి ఇస్తే ట్యూటర్ దిద్దే అసైన్‌మెంట్లు) థియరీలో ఐదో వంతు, గడువు దాటితే ఆ మార్కులు పోయినట్టే.

ప్రాక్టికల్స్ స్టడీ సెంటర్లోనే జరుగుతాయి, అక్కడ దొరికే సమయం తక్కువ. అందుకని చెయ్యి ఇంట్లోనే తిరగాలి. లోలకం ప్రయోగం తీసుకోండి: వలకు కట్టే సీసపు గుండు, సన్నటి నూలు దారం, దూలానికి గట్టి మేకు. మేకు దగ్గరనుంచి గుండు మధ్య దాకా సరిగ్గా 100 సెంటీమీటర్లు. పక్కకు ఐదారు సెంటీమీటర్లు మాత్రమే లాగి వదలండి. 20 ఊపులకు 40 సెకన్లు పట్టాలి. L మీటర్లలో పొడవు, T ఒక్క ఊపుకు పట్టిన సెకన్లు; g = 4π²L/T² వేస్తే 9.8 దగ్గర వస్తుంది. 10.9 వచ్చిందా? వదిలినప్పుడే ‘ఒకటి’ అన్నారు, 19 ఊపులే కొలిచారు. ‘సున్నా’ అని మొదలుపెట్టాలి. 9.7 వస్తే పొడవు గుండు పైఅంచుదాకానే తీసుకుని ఉంటారు. ఐదుసార్లు చేసి, తప్పొచ్చిన రీడింగ్ కొట్టెయ్యకుండా పట్టికలోనే ఉంచమనండి. వైవాలో అడిగేది దాని గురించే.

రొయ్యల చెరువులున్న ఇళ్లలో కెమిస్ట్రీ మరీ తేలిక. pH కిట్టు, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ చేతిలోనే ఉంటాయి. అదే చెరువు నీటిని తెల్లవారకముందు, మధ్యాహ్నం మూడింటికి కొలిపించండి. pH మధ్యాహ్నం పెరుగుతుంది: ఎండలో నాచు కార్బన్ డయాక్సైడ్‌ను వాడేసుకుంటుంది, రాత్రి శ్వాసతో అది మళ్లీ చేరి pH దిగుతుంది. కార్బోనిక్ ఆమ్లం పాఠం ఇంతకంటే బాగా ఏ ల్యాబులోనూ అర్థం కాదు.

హాల్ టికెట్ రాగానే పేరు, ఫొటో, సబ్జెక్టు కోడ్, మీడియం సరిచూసి, తేడా ఉంటే ఆ రోజే స్టడీ సెంటర్‌కు వెళ్లండి. ప్రాక్టికల్స్ థియరీకి ముందే ఉండొచ్చు. రెండు తేదీలూ గోడ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో వేసిపెట్టండి.