పెద్ద ఎస్‌యూవీకి టైర్ సైజ్ ఎంచుకోవడం: ఫార్చ్యూనర్, థార్, స్కార్పియో-ఎన్ ఉన్నవాళ్లకి

టైర్లు మార్చాలని షాపుకి వెళ్తే ముందు వినిపించే మాట "అన్నా, ఒక సైజు పెంచుదామా, బండి లుక్కే మారిపోద్ది" అని. లుక్ మారే మాట నిజమే. దాంతోపాటు స్పీడోమీటర్, బ్రేక్, పికప్, మైలేజ్ అన్నీ ఎంతో కొంత మారతాయి, ఆ సంగతి మాత్రం బిల్లు కట్టేదాకా ఎవరూ ఎత్తరు. అందుకే షాపులోకి అడుగు పెట్టకముందే మీ బండికి ఏ సైజులు సరిపోతాయో ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోండి, పది నిమిషాల పని.

ముందు డ్రైవర్ డోర్ తీసి పక్కన పిల్లర్ మీద ఉన్న స్టిక్కర్ చూడండి, అక్కడ లేకపోతే ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. కంపెనీ ఇచ్చిన సైజు, ఎంత గాలి కొట్టించాలి అన్నది రెండూ అందులోనే ఉంటాయి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి అయితే ఇప్పుడున్న టైర్ మీద సైజు చూసి అదే ఒరిజినల్ అనుకోవద్దు, పాత ఓనర్ ఏం మార్చాడో మనకి తెలియదు.

ఫార్చ్యూనర్ టైర్ మీద 265/65 ఆర్ 17 అని ఉందనుకోండి. 265 అంటే టైర్ వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే సైడ్‌వాల్ (రిమ్ నుంచి రోడ్డు దాకా ఉండే టైర్ పక్క భాగం) ఎత్తు, ఆ వెడల్పులో 65 శాతం. 17 రిమ్ అంగుళాలు. ఇప్పుడు టైర్ మొత్తం ఎత్తు కావాలి. 265లో 65 శాతం 172 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ పైనా కిందా ఉంటుంది కాబట్టి రెండింతలు చేస్తే 344, రిమ్ 17ని 25.4తో గుణిస్తే 432, కలిపితే 776. ఇదే ఫార్చ్యూనర్‌కి 18 అంగుళాల రిమ్‌తో వచ్చే సైజు 265/60 ఆర్ 18, దాని లెక్క 775 వస్తుంది. రిమ్ ఒక అంగుళం పెరిగింది, టైర్ ఎత్తు మాత్రం మారలేదు, ఎందుకంటే కంపెనీ ఆ మేరకు సైడ్‌వాల్ తగ్గించింది. మీరు చూడాల్సింది కూడా ముందు ఈ మొత్తం ఎత్తునే, రిమ్ సైజు సంగతి తర్వాత.

ఒరిజినల్ ఎత్తు కంటే 3 శాతం లోపు తేడా ఉంటే మామూలుగా ఇబ్బంది రాదని ఈ ఫీల్డులో ఉన్నవాళ్లు పెట్టుకున్న లెక్క. ఫార్చ్యూనర్ 17కి చాలామంది వేయించే 265/70 ఆర్ 17 తీసుకోండి, దాని ఎత్తు 803, అంటే 3.4 శాతం ఎక్కువ, గీత దాటేసింది. మీటర్ 100 చూపిస్తే బండి అంతకుముందు కంటే 3.4 శాతం వేగంగా పోతున్నట్టు. కంపెనీ మీటర్లు మామూలుగా అసలు స్పీడ్ కంటే కాస్త ఎక్కువే చూపిస్తాయి కాబట్టి కొన్ని బండ్లలో అది అక్కడికక్కడికి సరిపోతుంది, కొన్నింట్లో సరిపోదు, ఔటర్ మీద స్పీడ్ కెమెరా కింద ఆ సంగతి బయటపడుతుంది. స్కార్పియో-ఎన్ 255/60 ఆర్ 18 ఎత్తు 763. దానికి 265/60 ఆర్ 18 వేస్తే 775, ఒకటిన్నర శాతం, పర్వాలేదు. అదే రిమ్‌కి 265/65 ఆర్ 18 వేస్తే 802, ఐదు శాతం! చూడటానికి రెండు సైజుల మధ్య ఒక్క అంకె తేడా, బండికి మాత్రం చాలా తేడా.

ఇంత చేసి వచ్చే గ్రౌండ్ క్లియరెన్స్ ఎంతో కూడా చూడండి. ఎత్తు పెరిగిన దాంట్లో సగమే బండిని పైకి లేపుతుంది. 265/70 వేస్తే 13 మిల్లీమీటర్లు. చిటికెన వేలు మందం కూడా ఉండదు. దానికోసం బరువైన చక్రం, తగ్గిన పికప్, పెరిగిన బ్రేకింగ్ దూరం భరించాలా అన్నది మీరే ఆలోచించుకోండి. నా మటుకు నేను, బండిని ఎక్కువగా హైవే మీదా ఊళ్లోనూ తిప్పేవాళ్లు ఒరిజినల్ సైజు దగ్గరే ఆగిపోవాలని గట్టిగా చెప్తాను. మార్చాలనిపిస్తే అదే మోడల్ వేరే వేరియంట్‌కి కంపెనీ ఇచ్చిన సైజు చూడండి, ఆ రిమ్‌తో సహా. చట్టం వైపు నుంచి కూడా అదే క్షేమం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఒరిజినల్ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 సవరణ తర్వాత ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ టైంలో సర్వేయర్ టైర్ సైజు రాసుకుంటే ఆ టెన్షన్ వేరే.

సైజు పక్కనే 112ఎస్ లాంటి అంకె, అక్షరం ఉంటాయి, చాలామంది అటువైపే చూడరు, నిజానికి ప్రాణం మీదకి తెచ్చేది ఇదే. అంకెని లోడ్ ఇండెక్స్ అంటారు, 112 అంటే ఒక్కో టైర్ 1,120 కిలోలు మోయగలదని. 105 అయితే 925 కిలోలే. అక్షరం టైర్ తట్టుకునే గరిష్ఠ వేగం, ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్లు, టి 190, హెచ్ 210. సైజు సరిపోయింది కదా అని తక్కువ లోడ్ ఇండెక్స్ ఉన్న టైర్ తీసుకోవద్దు, ఎంత డిస్కౌంట్ ఇచ్చినా సరే. ఏడుగురు ఎక్కి, వెనక సామాన్లు కుక్కి, మే నెల ఎండలో హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద వెళ్తున్నప్పుడు టైర్ మీద పడే బరువూ వేడీ తక్కువేం కాదు. కంపెనీ ఇచ్చిన అంకె గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి.

సైజు ముందు ఎల్‌టీ అని ఉంటే అది లైట్ ట్రక్ టైర్, గట్టి పొరలతో చేసినది. రాళ్లలో సైడ్‌వాల్ చిరగకుండా కాపాడుతుంది, బాగుంటుంది. కానీ మామూలు టైర్‌కి కొట్టించే 30, 33 గాలే దీనికీ కొట్టిస్తే అంత బరువు మోయదు, వేడెక్కుతుంది. ఎల్‌టీ మీద ఉండే పెద్ద లోడ్ అంకె ఫుల్ గాలి ఉన్నప్పటిది, కొన్నింటికి అది 80 పీఎస్‌ఐ దాకా ఉంటుంది. కాబట్టి టైర్ కంపెనీ లోడ్ టేబుల్ అడిగి, మీ బండి బరువుకి ఎంత గాలి కావాలో చూసుకోవాలి. ఖాళీ బండిలో ఆ గాలితో గుంతలు నడుముకి తగులుతాయి. రాళ్ల దారులు రోజూ తిరిగేవాళ్లకి తప్ప మిగతావాళ్లకి ఎల్‌టీ అవసరం లేదు.

సైజు కంటే గాట్ల రకం మీద డబ్బు పెట్టడం మేలు. సీసీ రోడ్డు, హైవే మాత్రమే అయితే హెచ్‌టీ (హైవే టెర్రైన్) చాలు, చప్పుడు ఉండదు. పొలాలకి, క్వారీ రోడ్లకి, మారేడుమిల్లి ఘాట్ నుంచి లోపలి మట్టి దారుల్లోకి వెళ్తుంటే ఏటీ (ఆల్ టెర్రైన్) తీసుకోండి. నల్లరేగడి వానకి తడిస్తే మాత్రం ఏటీ గాట్లు కూడా మట్టితో నిండిపోయి టైర్ నున్నగా తయారవుతుంది, అక్కడ వెడల్పు టైర్ వేసినా లాభం లేదు, గాట్లు దూరంగా ఉన్న ఎంటీ (మడ్ టెర్రైన్) టైరే మట్టిని విసిరేస్తుంది. కానీ ఎంటీ తడి తారు రోడ్డు మీద పట్టు తక్కువ, హోరు ఎక్కువ, రోజువారీ బండికి నేను వద్దంటాను. ఇంకోటి, వెడల్పు పెంచితే పట్టు పెరుగుతుందని అందరూ అనుకుంటారు. పొడి రోడ్డు మీద కొంత నిజం. నిలిచిన నీళ్ల మీద వేగంగా పోయేటప్పుడు అదే వెడల్పు టైర్ తొందరగా నీటి మీద తేలిపోతుంది.

రిమ్ వెడల్పు కూడా కుదరాలి. రిమ్ మీద 7.5జె లాంటి గుర్తు ఉంటుంది, అంటే రిమ్ వెడల్పు ఏడున్నర అంగుళాలు, మీరు అనుకున్న టైర్‌కి ఆ వెడల్పు సరిపోతుందో లేదో టైర్ కంపెనీ చార్ట్‌లో చూడమని షాపువాళ్లనే అడగండి.

4x4 ఉన్నవాళ్లు ఇంకాస్త జాగ్రత్త. ఫార్చ్యూనర్, థార్, స్కార్పియో-ఎన్‌లలో 4x4 వేసినప్పుడు ముందూ వెనకా ఇరుసులు కలిసి ఒకే వేగంతో తిరుగుతాయి. ముందు రెండు కొత్తవి, వెనక రెండు బాగా అరిగినవి ఉంటే ఎత్తు తేడా వల్ల గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. నాలుగూ ఒకే సైజు, ఒకే కంపెనీ, ఒకే మోడల్ వేయించండి. స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి, లేకపోతే అడవిలో పంక్చర్ అయినప్పుడు అది ఉండీ ఉపయోగం లేదు. థార్‌లో స్టెప్నీ వెనక డోర్‌కే వేలాడుతుంది కాబట్టి బరువైన టైర్ వేస్తే ఆ కీళ్ల సంగతీ చూసుకోవాలి.

కొనేముందు సైడ్‌వాల్ మీద డీఓటీ అక్షరాల చివర నాలుగంకెలు చదవండి. 2325 అని ఉంటే 2025లో 23వ వారం తయారైనట్టు. ఏడాది దాటిన స్టాక్ అయితే వేరేది అడగండి, లేదంటే గట్టిగా బేరం చేయండి.

బిగించాక షాపు దగ్గరే స్టీరింగ్ పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పి ముందుకీ వెనక్కీ పోనివ్వండి. మడ్‌ఫ్లాప్‌కో లోపలి ప్లాస్టిక్ లైనర్‌కో రాసుకుంటే అక్కడే తెలుస్తుంది. ఖాళీ బండిలో రాసుకోకపోయినా, నలుగురు ఎక్కి స్పీడ్ బ్రేకర్ మీద స్ప్రింగ్ కుంగినప్పుడు రాసుకోవచ్చు, అందుకే మనుషుల్ని ఎక్కించుకుని ఒకసారి తిప్పి చూడండి. లైనర్ కోసేద్దాం అంటే ఒప్పుకోవద్దు, సైజు మార్చమనండి. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించి, ఫోన్లో జీపీఎస్ స్పీడ్ పెట్టుకుని 80 దగ్గర మీటర్‌తో పోల్చి చూసుకోండి. వంద కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లు ఒకసారి మళ్లీ బిగింపు చూపించండి.