వెబ్‌సైట్ భద్రతా (ఎస్‌ఎస్‌ఎల్) సర్టిఫికెట్ గడువు ముగియకముందే అలర్ట్ వచ్చేలా ఎలా సెట్ చేయాలి?

"ఆటో రెన్యూవల్ ఉంది కదా, మళ్లీ అలర్ట్ ఎందుకు" అనేవాళ్ల సైట్లే సరిగ్గా సెలవు రోజున ఎర్ర హెచ్చరిక పేజీతో దర్శనమిస్తాయి. ఈ అలర్టులు నేను చాలాసార్లు పెట్టాను, వేరేవాళ్లు పెట్టినవి అంతకన్నా ఎక్కువసార్లు సరిచేశాను. ఇదివరకు గడువు దగ్గరపడితే, ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే సంస్థ లెట్స్ ఎన్‌క్రిప్ట్ మెయిల్ పంపేది, 2025 జూన్ 4తో అది కూడా మానేసింది. పైగా ఏ కంపెనీ ఇచ్చిన సర్టిఫికెట్ అయినా గరిష్ఠ గడువు తగ్గుతూ పోతోంది. 398 రోజులు ఉండేది 2026 మార్చి 15 నుంచి 200, 2027లో అదే తేదీ నుంచి 100, 2029లో 47 రోజులు. క్యాలెండర్‌లో రిమైండర్‌తో నెట్టుకురావడం ఇక కుదరదు.

ముందు మీ పేర్లన్నీ ఒకచోట రాసుకోండి: అసలు డొమైన్, డబ్ల్యూ మూడుసార్లు ఉన్నది, ఏపీఐ, మెయిల్ సర్వర్, ఎవరూ తొంగిచూడని ఆ పాత అడ్మిన్ పేజీ. టూల్ ఏదైనా పర్లేదు. కొద్ది సైట్లుంటే వాటిని గమనిస్తూ ఉండే అప్‌టైమ్ కుమా చాలు, సర్వర్ల కొలతలు సేకరించే ప్రొమీథియస్ ఇప్పటికే నడుస్తుంటే దానికి తోడుగా బయటి నుంచి తనిఖీ చేసే బ్లాక్‌బాక్స్ ఎక్స్‌పోర్టర్ వాడండి, రెండూ వద్దంటే సర్టిఫికెట్లను పరీక్షించే కమాండ్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో నాలుగు లైన్ల స్క్రిప్టు రాసి, దాన్ని వేళకు నడిపే క్రాన్‌లో పెట్టండి. నేనైతే స్క్రిప్టే రాస్తాను, ఎందుకంటే తప్పు ఎక్కడుందో చూడటానికి నాలుగే లైన్లు ఉంటాయి.

ఇక అందరూ బోల్తాపడే చోటుకి వద్దాం. చెక్ చేయాల్సింది డిస్క్ మీద ఉన్న సర్టిఫికెట్ ఫైలును కాదు, బయటి నుంచి వచ్చిన మనిషికి సర్వర్ చేతిలో పెట్టేదాన్ని. నేను చూసిన వైఫల్యాల్లో ఎక్కువ ఇలాంటివే: రెన్యూవల్ చేసే ప్రోగ్రామ్ సర్ట్‌బాట్ చక్కగా రెన్యూ చేసింది, ఫైలు కొత్తది, స్క్రిప్టు ఆ ఫైలును చదివి అంతా బాగుందంది, కానీ వెబ్ సర్వర్ ఎన్‌జింక్స్‌ను ఎవరూ రీలోడ్ చేయలేదు కాబట్టి అది మెమరీలో ఉన్న పాత సర్టిఫికెట్‌నే పంచిపెడుతూ కూర్చుంది. అందుకని డిప్లాయ్ హుక్‌లో (రెన్యూ అయ్యాక సర్ట్‌బాట్ నడిపే కమాండ్‌లో) రీలోడ్ తప్పక పెట్టండి, అది పెట్టాక కూడా దాన్ని నమ్మకండి, చెక్‌ను వేరే మెషీన్ నుంచి నడపండి.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో, సర్వర్‌కు కనెక్ట్ అయి సర్టిఫికెట్ తెచ్చే ఎస్ క్లయింట్ వాడేటప్పుడు సర్వర్‌నేమ్ ఆప్షన్ మీరే రాయండి. ఐపీ అడ్రస్‌కు కనెక్ట్ అయి పేరు చెప్పకపోతే, ఒకే ఐపీ మీద పది సైట్లున్నచోట డిఫాల్ట్ సైటు సర్టిఫికెట్ చేతికొస్తుంది, మీరు పక్కింటివాళ్ల గడువు చూసి సంతోషిస్తారు. మీ సర్వర్‌కు ముందు సీడీఎన్ (మీ తరఫున సైటును అందించే మధ్యవర్తి సర్వర్లు) ఉంటే రెండు చెక్‌లు కావాలి: సీడీఎన్ చూపించేది ఒకటి, దాని వెనక ఉన్న మీ సర్వర్ ఐపీకి నేరుగా వెళ్లి అదే పేరుతో అడిగేది ఇంకొకటి. రిక్వెస్టులను సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్ వెనక మూడు సర్వర్లు తమ సర్టిఫికెట్ తామే ఇస్తుంటే మూడింటినీ విడివిడిగా అడగాల్సిందే. లేకపోతే ఒకటి పాతదై మూడు రిక్వెస్టుల్లో ఒకటి ఫెయిలవుతుంటే ఎవరికీ అంతుపట్టదు.

గడువు ఒక్కటే చూసి వదిలేయకండి, పేరు సరిపోయిందా, చెయిన్ (మీ సర్టిఫికెట్ నుంచి బ్రౌజర్ నమ్మే సంస్థ దాకా ఉండే గొలుసు) పూర్తిగా ఉందా అన్నది కూడా అంతే ముఖ్యం. మధ్యలో ఉండే ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ పంపడం మర్చిపోతే చాలా బ్రౌజర్లు దాన్ని ఎక్కడినుంచో తెచ్చుకుని సర్దుకుపోతాయి, మీ కంటికి అంతా పచ్చగానే ఉంటుంది, కమాండ్ లైన్ టూల్ కర్ల్‌తో వచ్చే ప్రోగ్రామ్‌లు మాత్రం తలుపు దగ్గరే ఆగిపోతాయి. ఎస్ క్లయింట్ మామూలుగా వెరిఫికేషన్ తప్పినా కనెక్షన్ కొనసాగిస్తుంది, పేరు కూడా సరిచూడదు, అందుకే వెరిఫై రిటర్న్ ఎర్రర్, వెరిఫై హోస్ట్‌నేమ్ అనే రెండు ఆప్షన్లూ వేయాలి. కనెక్షనే కుదరకపోతే దాన్ని కూడా ఫెయిల్‌గానే లెక్కేయండి. తేదీ దొరకలేదని చప్పుడు చేయకుండా ముగిసిపోయే స్క్రిప్టులు ఎన్ని చూశానో!

ఎన్ని రోజుల ముందు? 90 రోజుల సర్టిఫికెట్‌ను సర్ట్‌బాట్ 30 రోజులు మిగిలి ఉండగా రెన్యూ చేస్తుంది. కాబట్టి 30కే అలర్ట్ పెడితే ప్రతిసారీ ఉత్తుత్తి గోల, నాలుగోసారికి ఎవరూ చదవరు. 21కి మెసేజ్, 7కి ఫోన్ మోగాలి. స్క్రిప్టులో, ఇంత సమయంలోపు గడువు ముగుస్తుందా అని చూసే చెక్‌ఎండ్ ఆప్షన్ సెకన్లు అడుగుతుంది: 21 రోజులంటే 1814400, 7 రోజులంటే 604800. ఎక్కువ గడువున్నవాటిని చేత్తో కొనేవాళ్లయితే 45 రోజుల ముందే మొదలుపెట్టండి, ఆమోదాలు, బిల్లులు అంటూ ఆఫీసులో ఫైలు కదలడానికే ఆ టైమంతా పోతుంది.

అలర్ట్ ఒక్క మనిషి మెయిల్‌కు వెళ్లకూడదు, ఆయన ఉద్యోగం మానేసిన మూడు నెలలకు మీకు తెలుస్తుంది. గ్రూపు చాట్‌కు పంపండి, ఆ చాట్ సర్వర్ మీ సొంతమే అయితే దాని సర్టిఫికెట్ కోసం ఇంకో దారి చూసుకోండి.

చివరగా, ఎక్స్‌పైర్డ్ డాట్ బ్యాడ్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్ అనే సైటు ఉంది, గడువు ముగిసిన సర్టిఫికెట్‌తో పరీక్షల కోసమే నడుపుతారు. దాన్ని మీ లిస్టులో చేర్చి అలర్ట్ నిజంగా వస్తుందో లేదో చూడండి. చాలామంది ఆ పరీక్ష అయ్యాక తీసేస్తారు, నేను తీయను. ప్రతి సోమవారం దాని తరఫున ఒక మెసేజ్ వచ్చేలా ఉంచుతాను, ఏ సోమవారమైనా అది రాకపోతే ఆ రోజు ముందు చూడాల్సింది నా స్క్రిప్టునే.