రివాల్వర్ కోసం పోసిన సీసం బుల్లెట్లను పిస్టల్ రౌండ్లలో వాడటం ఎలా?

.45 కోల్ట్ రివాల్వర్ కోసం కొన్న 255 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) సీసం బుల్లెట్లు ఒక డబ్బా నిండా మిగిలిపోయాయి, రివాల్వరేమో అమ్మేశాను. ఇంట్లో ఉన్నది .45 ఏసీపీ అనే రకం రౌండ్లు వాడే 1911 పిస్టల్. రెండూ నలభై ఐదే కదా, ఎక్కించేస్తే పోలా అనుకుని రివాల్వర్‌ రౌండ్లో ఉన్నంతే బుల్లెట్‌ని బయటికి ఉంచి .45 ఏసీపీ కేస్‌తో ఒక డమ్మీ, అంటే పేలని నమూనా రౌండ్, చేసి బారెల్‌లో వేశాను. సగంలో ఇరుక్కుపోయింది, వేలితో లాగితే రాలేదు, చివరికి ముందువైపు నుంచి చెక్క పుల్లతో తట్టి బయటికి తీశాను. అందులో పౌడరూ, దాన్ని అంటించే ప్రైమరూ లేవు కాబట్టి సరిపోయింది.

అసలు విషయానికి ముందు చట్టం సంగతి. ఇది అమెరికాలో ఉండి, అక్కడ చట్టబద్ధంగా తుపాకీ ఉన్నవాళ్ల కోసం రాస్తున్నది. సొంత వాడకానికి రౌండ్లు చేసుకోవడానికి అక్కడ ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, అమ్మాలంటే కావాలి, రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉంటాయి. మనవాళ్లలో చాలామందికి తెలియనిది ఇంకోటుంది: హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు వేట లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా తుపాకీయే కాదు, తూటా కూడా దగ్గర పెట్టుకోకూడదు. ఇక ఇండియాలో తుపాకీ లైసెన్స్ ఉన్నా సరే, తూటాల తయారీకి ఆయుధాల చట్టం 1959 కింద వేరే లైసెన్స్ కావాలి, అది లేకుండా చేస్తే జైలే. ఊళ్లో ఎవరూ ప్రయత్నించొద్దు.

ఇంకో మాట. మనం మాటల్లో మొత్తం తూటాని బుల్లెట్ అనేస్తాం. ఇక్కడ బుల్లెట్ అంటే ముందుకు ఎగిరే సీసపు ముక్క మాత్రమే, ఇత్తడి గొట్టం కేస్, అన్నీ కలిపితే రౌండ్.

ఎందుకు ఇరుక్కుంది?

రివాల్వర్‌లో కేస్ అడుగున ఉన్న అంచు సిలిండర్‌కి తగులుకుని రౌండ్‌ని నిలబెడుతుంది, ముందువైపు బుల్లెట్‌కి బోలెడు ఖాళీ. అందుకే ఆ బుల్లెట్ల భుజం, అంటే పూర్తి మందం ఉన్న ముందు పట్టీ, కేస్ బయటికి బాగా పొడుచుకొచ్చి ఉంటుంది. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు మిగతా రౌండ్లలోని బుల్లెట్లు ముందుకు జారకుండా కేస్ మూతిని బుల్లెట్ గాడిలోకి మడిచేస్తారు. పిస్టల్‌లో రెండూ కుదరవు. 1911లో రౌండ్ నిలబడేది కేస్ మూతి మీద, ఆ మూతి ఛాంబర్ (బారెల్ వెనక రౌండ్ కూర్చునే గూడు) లోపలి మెట్టుకి ఆనుకోవాలి, మడిచేస్తే ఆనడానికి ఏమీ ఉండదు. మెట్టు దాటిన వెంటనే రైఫ్లింగ్, అంటే బారెల్ లోపలి మెలికల గాళ్లు, మొదలైపోతుంది, పొడుచుకొచ్చిన భుజం దానికి కొట్టుకుంటుంది. నా డమ్మీకి జరిగింది అదే.

మొదటి పని కొలత. .45 ఏసీపీలో సీసం బుల్లెట్ మామూలుగా .452 అంగుళాలు ఉండాలి. ఈ కాలపు .45 కోల్ట్ బుల్లెట్లు కూడా ఎక్కువగా అంతే. పాత రివాల్వర్ల కోసం పోసినవి .454 ఉంటాయి, వాటిని .452 సైజింగ్ డై (బుల్లెట్‌ని సరైన మందానికి నొక్కే అచ్చు) లోంచి తోయాలి. డబ్బా మీద రాసింది నమ్మకండి, పదింటిని మైక్రోమీటర్‌తో కొలవండి, మామూలు కాలిపర్ అర వెయ్యో వంతు దగ్గర అబద్ధం చెబుతుంది.

రెండోది డేటా. పౌడర్ ఎంత పోయాలో ఇక్కడ రాయను, వాట్సాప్‌లో ఎవరో పంపిన అంకె కూడా వాడకండి. పౌడర్ కంపెనీ డేటాలోనో లోడింగ్ మాన్యువల్‌లోనో .45 ఏసీపీకి, అదే బరువు సీసం బుల్లెట్‌కి ఇచ్చిన లెక్క వెతకాలి. అక్కడ రౌండ్ మొత్తం పొడవు కూడా రాసి ఉంటుంది, చాలామంది దాన్ని చూడరు. బుల్లెట్‌ని వాళ్లకన్నా లోతుగా దించితే కేస్ లోపల చోటు తగ్గి ఒత్తిడి పెరుగుతుంది. రివాల్వర్ బుల్లెట్ విషయంలో మనం చేయబోయేది సరిగ్గా ఆ దించడమే కాబట్టి అసలు ప్రమాదం ఇక్కడుంది. ఆ బరువుకి, ఆ ఆకారానికి దగ్గర డేటా దొరక్కపోతే ఆ బుల్లెట్లు కరిగించుకోండి, అంతే. దొరికితే అందులో అన్నిటికన్నా తక్కువ లెక్కతో మొదలుపెట్టాలి.

మూడోది డమ్మీ. ఎక్కువ సమయం పట్టేది దీనికే. సైజ్ చేసిన, అంటే డైతో మళ్లీ సరైన కొలతకి నొక్కిన ఖాళీ కేస్ తీసుకుని మూతిని కొద్దిగా విప్పాలి. సరిగ్గా విప్పకపోతే బుల్లెట్ దిగేటప్పుడు మూతి అంచు సీసాన్ని చెక్కేస్తుంది, సన్నటి ఉంగరంలా సీసం తొక్క మూతి దగ్గర పేరుకుంటుంది, ఆ తొక్క ఒక్కటి చాలు రౌండ్ దిగకుండా ఆపడానికి. తర్వాత బుల్లెట్‌ని కొంచెం కొంచెంగా దించుతూ పోవాలి. రివాల్వర్ గాడిని మర్చిపోండి, అది కేస్ లోపలికి వెళ్లిపోతుంది, పర్వాలేదు. భుజం మూతికి పైన బొటనవేలి గోరు మందం, అంటే .02 నుంచి .03 అంగుళాలు కనిపించే దగ్గర ఆగండి.

ఇప్పుడు పిస్టల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని బారెల్ విప్పి చేతిలోకి తీసుకుని డమ్మీని ఛాంబర్‌లోకి వదలండి. టక్ అని దిగాలి, వేలితో తిప్పితే ఆడాలి, తలకిందులు చేస్తే దానంతటదే జారి పడాలి. ఈ మూడింట్లో ఒక్కటి తప్పినా కుదరనట్టే. ఎక్కడ తగులుతోందో తెలియకపోతే నల్ల మార్కర్‌తో బుల్లెట్‌కీ కేస్ మూతికీ రంగు పూసి మళ్లీ వదిలి తిప్పండి. భుజం మీద రంగు చెరిగితే ఇంకొంచెం దించాలి, అయితే పైన చెప్పిన పొడవు సంగతి గుర్తుంచుకుని. మూతి చుట్టూ చెరిగితే లోతు సమస్య కాదు, విప్పిన మూతి సరిగ్గా మూసుకోలేదన్నమాట.

మూతి మూయడానికి టేపర్ క్రింప్ డై వాడాలి, మూతిని గాడిలోకి మడిచే, రివాల్వర్ వాళ్లు వాడే రోల్ క్రింప్ కాదు. విప్పిన మూతిని తిరిగి నిటారు చేయడమే దాని పని, అంచు దగ్గర .470 నుంచి .472 అంగుళాలు వస్తే చాలు. గట్టిగా నొక్కితే పట్టు పెరుగుతుందనుకుంటారు, నిజానికి మెత్తటి సీసం లోపల నొక్కుకుపోయి సన్నబడుతుంది. బుల్లెట్‌ని పట్టుకునేది కేస్ గోడే. పట్టు ఉందో లేదో చూడాలంటే డమ్మీ ముక్కుని బల్ల అంచుకి ఆనించి బొటనవేలితో బలంగా నెట్టి పొడవు మళ్లీ కొలవండి, మారకూడదు. పిస్టల్‌లో ప్రతి రౌండూ ఫీడ్ ర్యాంప్‌ని (మ్యాగజైన్ నుంచి ఛాంబర్‌లోకి దారి చూపే వాలుని) గుద్దుకుంటూ ఎక్కుతుంది, అప్పుడు బుల్లెట్ వెనక్కి జారితే ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది. మొత్తం పొడవు 1.275 అంగుళాలు దాటకూడదు. డమ్మీలు మ్యాగజైన్‌లోంచి చేత్తో స్లైడ్ లాగితే సాఫీగా ఎక్కాలి. పాత మిలిటరీ 1911లు గుండ్రటి ముక్కు బుల్లెట్‌కి అలవాటుపడ్డవి, ఈ చదును ముక్కు దగ్గర మొరాయిస్తాయి.

అసలు రౌండ్లు మొదట పది మాత్రమే చేయండి. పౌడర్ పోశాక బుల్లెట్ పెట్టేముందు ప్రతి కేస్‌లోకీ టార్చ్ వేసి చూడండి. వేగంగా మండే పౌడర్ అయితే రెండుసార్లు పడినా ఈ కేస్ నిండి పొర్లదు, లోపలికి వెలుగు వేసి చూస్తే తప్ప తేడా తెలియదు. కాల్చాక బారెల్ లోపల బూడిద రంగు చారలు కనిపిస్తే అది సీసం అంటుకోవడం. వెంటనే గట్టి లోహం కావాలంటారు అందరూ, నా అనుభవంలో ఎక్కువసార్లు బుల్లెట్ సన్నగా ఉండటమే కారణం. గ్లాక్ లాంటి పాలీగోనల్ రైఫ్లింగ్ (పదును గాళ్లకి బదులు గుండ్రటి మూలల ఆకారం) బారెల్‌లో మాత్రం ఉత్త సీసం వాడొద్దు.

.38 స్పెషల్‌కి పోసిన 158 గ్రెయిన్ల బుల్లెట్లను 9 ఎంఎంలో పెట్టొచ్చా అని అడుగుతుంటారు. నేనైతే పెట్టను. అవి .358, 9 ఎంఎంకి జాకెట్ (రాగి తొడుగు) ఉన్న బుల్లెట్ .355, సీసం అయితే .356 వాడేది. కేస్ చిన్నది, లోపలికి వెళ్లేకొద్దీ గోడ మందం పెరుగుతుంది, పొడుగాటి బుల్లెట్ తోక అక్కడ నలిగి కేస్ బయటికి ఉబ్బుతుంది. పైగా .45 ఏసీపీ గరిష్ఠ ఒత్తిడి 21,000 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) అయితే 9 ఎంఎంది 35,000, తప్పుకి చోటు తక్కువ.

సీసం ముట్టుకున్న చేత్తో తినకండి, బల్ల దగ్గర జంతికల ప్లేటు అసలే వద్దు. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. డబ్బా మీద బుల్లెట్, పౌడర్, పొడవుతో పాటు ఏ పిస్టల్‌కి చేశారో కూడా రాయండి. నా బారెల్‌లో టక్‌మని దిగిన ఇవే రౌండ్లు మా ఫ్రెండ్ 1911లో దిగలేదు.