డాకర్‌లో డబ్ల్యూపీఎస్: ఫైలు ఉన్నా లేదంటుంటే

అనంతపురంలో వేరుశనగ వేసేవాళ్లకు వాన కబురంటే ఎప్పుడూ టెన్షనే. ప్రపంచమంతటికీ వాతావరణ అంచనాలిచ్చే అమెరికా మోడల్ జీఎఫ్‌ఎస్ డేటాలో గడికీ గడికీ మధ్య 0.25 డిగ్రీలు, అంటే సుమారు 28 కిలోమీటర్లు. ఇంకాస్త దగ్గరగా చూద్దామని ఒక ప్రాంతం వాతావరణాన్ని లెక్కగట్టే డబ్ల్యూఆర్‌ఎఫ్ మోడల్ పెట్టుకున్నాను. దానికి డేటాను సిద్ధం చేసే ప్రీప్రాసెసింగ్ సాఫ్ట్‌వేర్ డబ్ల్యూపీఎస్‌ను డాకర్ కంటైనర్‌లో (ప్రోగ్రామ్‌ను దానికి కావాల్సినవాటితో కలిపి విడిగా నడిపే డబ్బా లాంటిది) ఉంచాను. అందులో వాతావరణ ఫైళ్లను విప్పి చదివే అన్‌గ్రిబ్ అడిగే జాస్పర్, పీఎన్‌జీ లైబ్రరీల గొడవ ఇమేజ్‌లోనే (కంటైనర్ తయారయ్యే మూస) తీరిపోతుంది కదా.

నేల వివరాల గ్రిడ్ తయారుచేసే జియోగ్రిడ్ సాఫీగా నడిచింది. అన్‌గ్రిబ్ మాత్రం ఫైలు తెరవలేనని మొరాయించింది. ఫోల్డర్‌లో చూస్తే అది చదవాల్సిన గ్రిబ్‌ఫైల్.ఏఏఏ కళ్లెదుటే ఉంది! కంటైనర్ లోపలికెళ్లి ఫైళ్ల వివరాలు చూపే ఎల్ఎస్ మైనస్ ఎల్ కమాండ్ కొడితే గుట్టు తెలిసింది. అది ఫైలు కాదు, సింబాలిక్ లింక్, అంటే అసలు ఫైలు ఎక్కడుందో చూపే గుర్తు మాత్రమే. బయటి మెషీన్‌లోని డేటా పాత్‌ను (ఫైలు ఉండే చిరునామా) చూపిస్తోంది. కంటైనర్‌లో ఆ పాతే లేదు, ఇక తెరుచుకునేది ఏముంది?

డేటా ఫోల్డర్‌ను లోపల కూడా అదే పాత్‌కు మౌంట్ చేశాను, అంటే కంటైనర్‌కు కనిపించేలా తగిలించాను. అన్‌గ్రిబ్ కదిలింది, వెనకే ఆ డేటాను గ్రిడ్‌పై పరిచే మెట్‌గ్రిడ్ కూడా. ఏ డేటాను ఎలా చదవాలో అన్‌గ్రిబ్‌కు చెప్పే వీటేబుల్ ఫైలు కూడా లింకే, దాన్నీ ఓసారి చూసుకోండి. లింకులు పెట్టే స్క్రిప్టును కంటైనర్‌లోనే నడిపినా సరే. కాకపోతే అది సీ షెల్ (కమాండ్లు నడిపే ఒక ప్రోగ్రామ్) స్క్రిప్టు. చిన్న ఇమేజ్‌లలో ఆ షెల్ సాధారణంగా ఉండదు, విడిగా వేసుకోవాలి.